జనరేటర్ ఆపాక వినిపించిన ఈల

దెయ్యాల కబుర్లు మొదలైతే ఫోను తీసుకుని పక్కకు వెళ్లిపోయే రకం నేను. భయం వల్ల కాదు, విసుగు వల్ల. శబ్దం ఏ వైపు నుంచి వచ్చిందని అడిగితే చెప్పేవాడికి తెలియదు. పక్కన ఇంకెవరైనా విన్నారా అంటే తెలియదు. కొలత లేనిదాన్ని నేను లెక్కలోకి తీసుకోను. ఈ మాట రాస్తున్నప్పుడు కూడా నా అభిప్రాయం మారలేదు. కాకపోతే ఇప్పుడు నా దగ్గరే అలాంటిది ఒకటుంది. దానికి దిక్కు ఉంది, సాక్షులు ఉన్నారు, రికార్డింగు ఉంది. అయినా అదేమిటో నేను చెప్పలేను.

నేను ఎలక్ట్రానిక్స్ చదివాను. తాడేపల్లిగూడెంలో ఒక కాలేజీలో రీసెర్చి అసిస్టెంటుగా పని చేస్తున్నాను. మా ప్రొఫెసరుగారిది ప్రకృతిలో పుట్టే రేడియో తరంగాల మీద పని. దాని గురించి కొంచెం చెప్పకపోతే తర్వాత జరిగినదాని బరువు తెలియదు.

మెరుపు మెరిసినప్పుడు వెలుగుతో పాటు రేడియో తరంగం కూడా పుడుతుంది. తగిన రిసీవర్‌కు హెడ్‌ఫోన్ తగిలిస్తే అది 'టిక్' అని వినిపిస్తుంది. ఎక్కడో వేల కిలోమీటర్ల దూరంలో మెరిసినా వినిపిస్తుంది. ఆ తరంగాల్లో కొన్ని గాలి పొరలు దాటి పైకి వెళ్తాయి. అక్కడ ఉండేది ప్లాస్మా, అంటే విద్యుదావేశం ఉన్న కణాల పలచని పొగలాంటిది. అది అన్ని చోట్లా ఒకే చిక్కదనంతో ఉండదు. భూమి అయస్కాంత బలరేఖల వెంట ఒకచోట చిక్కగా, పక్కనే పలచగా, పోగులు పోగులుగా ఉంటుంది. అలాంటి పోగులో తరంగం చిక్కుకుంటే గట్ల మధ్య కాలువ నీరు పోయినట్టు దాని వెంటే పోతుంది. వేల కిలోమీటర్లు పైకి వంగి, భూమధ్యరేఖ దాటి, అవతలి అర్ధగోళంలో దిగుతుంది. దారిలో హెచ్చు స్వరాలు ముందు వస్తాయి, తగ్గు స్వరాలు వెనకబడతాయి. బయలుదేరినప్పుడు 'టిక్' అన్నది చేరేసరికి పైనుంచి కిందికి జారే పొడవైన ఈలలా మారుతుంది. ఒక్కోసారి అక్కడ తగిలి మళ్లీ అదే పోగు వెంట వెనక్కి వస్తుంది. తిరిగిన ప్రతిసారీ ఈల ఇంకా సాగుతుంది.

ఈ ఈలలు మన జిల్లాలో వినపడవు. మనం అయస్కాంత భూమధ్యరేఖకు మరీ దగ్గరగా ఉన్నాం. ఏలూరు నుంచి బయలుదేరిన బలరేఖ సరిగా పైకి లేవకముందే హిందూ మహాసముద్రంలో దిగిపోతుంది. ఈల పుట్టేంత దారి దానికి లేదు. పైగా పగటిపూట ఆకాశం కింది పొర ఈ తరంగాలను మింగేస్తుంది. ఉత్తరాది పరిశోధకులు రాత్రిళ్లు అప్పుడప్పుడూ పట్టుకుంటారు. నా పని అల్లా ఇక్కడ వినపడదని నిరూపించడం. ఏమీ లేదని రాసుకురావడానికి జీతం ఇచ్చే ఉద్యోగం అని మా మావయ్య నవ్వేవాడు.

మావయ్య అంటే మా అమ్మ తమ్ముడు. ఆకివీడు అవతల కొల్లేటి లంకలో ఆయనకు రెండు చేపల చెరువులు ఉన్నాయి. ఒకటి ఇంటి వెనకే. రెండోది వాయవ్యంగా, పడవ మీద పోవలసినంత దూరంలో. రిసీవరు పెట్టడానికి ఇంటి చెరువు గట్టు ఇచ్చింది ఆయనే. తీరా పెట్టాక తెలిసింది, అది పనికిరాని చోటని. చుట్టుపక్కల ప్రతి చెరువులోనూ నీళ్లు చిలికే ఏరేటర్లు తిరుగుతూ ఉంటాయి. వాటి మోటార్లు, కరెంటు తీగలు కలిసి హెడ్‌ఫోన్ నిండా ఒకటే 'గూ' అనే మోత. కరెంటు పోతే జనరేటర్లు అందుకుంటాయి. ఏరేటర్లు ఆగితే నీళ్లలో గాలి తగ్గి చేప చచ్చిపోతుంది కాబట్టి కొల్లేటిలో ఆ మోత ఆపేవాళ్లు ఉండరు.

ఆ వానాకాలం వాయుగుండం పట్టింది. బుడమేరు, తమ్మిలేరు ఒకేసారి పొంగి కొల్లేటిలో పడ్డాయి. కరెంటు తీసేశారు. కాసేపటికి ఫోన్ టవర్లు కూడా పోయాయి. నేను రిసీవరు సర్దుకుని పోదామని వచ్చి లంకలోనే ఇరుక్కుపోయాను. ఏలూరు నుంచి జనరేటర్ బాగు చేయడానికి వచ్చిన మస్తాన్ అనే మెకానిక్కు కూడా అదే గతి.

మధ్యాహ్నం భోజనం చేసి మావయ్య గెడ పడవ వేసుకుని ఒక్కడే దూరపు చెరువుకి వెళ్లాడు. అక్కడి తూముకు వల కట్టాలి, ఫెన్సింగ్ మిషను తెచ్చుకోవాలి అన్నాడు. ఆ మిషను చెరువు చుట్టూ ఉన్న తీగకు చిన్న షాక్ కొడుతూ ఉంటుంది, కుక్కలూ నీటిపిల్లులూ రాకుండా. బ్యాటరీ మీద నడుస్తుంది. వరద వస్తే లంకల్లో అందరూ ముందు పడవలో వేసుకునేది మిషను, బ్యాటరీ. తర్వాతే మనిషి ఎక్కుతాడు.

చీకటి పడేసరికి ఆయన రాలేదు.

తెల్లవారగానే ఊళ్లో ఉన్న ఒకే ఒక్క ఇంజను పడవ మీద దాని యజమాని పోలయ్య వాయవ్యం వైపంతా గాలించి వచ్చాడు. దూరపు చెరువు గట్లు తెగిపోయి, కాపలా పాక కప్పు అంచు మాత్రం నీటి పైన కనిపించిందట. గెడ పడవ లేదు. మనిషి లేడు. ప్రభుత్వం బోట్లు మునిగిన ఊళ్ల వైపు ఉన్నాయని, ఇటు రావడానికి మర్నాడు అవుతుందని చెప్పాడు. ఆయన పడవలో డీజిలు కూడా అడుగంటింది.

మా అత్త గట్టు మీద నిలబడి ఉంది. వెనక ఇంటి చెరువులో జనరేటర్ మీద ఏరేటర్లు తిరుగుతున్నాయి. లంక మొత్తంలో ఆ గట్టు ఒక్కటే నిలిచింది, మిగతా చెరువులు జనరేటర్లతో సహా మునిగాయి. మిగిలిన పంట అంతా ఆ చెరువులోనే ఉంది.

అప్పుడు నాకొక ఆలోచన వచ్చింది. మంచి ఆలోచన అనను. చేయడానికి ఇంకేమీ లేనివాడికి వచ్చే ఆలోచన. ఫెన్సింగ్ మిషను కొట్టే ప్రతి షాకూ నా రిసీవరులో 'టిక్'మంటుంది. మెరుపుల టిక్కులు చెల్లాచెదురుగా వస్తాయి, మిషను టిక్కు గడియారంలా వస్తుంది. చెక్క చట్రానికి రాగి తీగ చుట్టిన నా యాంటెన్నాను తిప్పితే అది ఏ దిక్కు నుంచి వస్తోందో తెలుస్తుంది. మావయ్య మిషనును పడవలో వేసుకుని ఉంటే, అది ఇంకా నడుస్తూ ఉంటే, ఆయన దగ్గరలో ఉంటే. మూడు 'ఉంటే'లు. ఒక్కొక్కదానికి ఎంత అవకాశమో నాకు తెలుసు. గుణించడానికి ధైర్యం చాలలేదు.

"మిషను ఆఫ్ చేసి తెచ్చాడేమో కదా అత్తా?" అన్నాను.

అత్త బదులు మస్తాన్ చెప్పాడు. "ఆపడానికి దానికి స్విచ్చేదండి? కాలిపోతే నేనే డైరెక్టుగా కలిపేశాను. కొత్తది వేయించుకోండని ఎన్నిసార్లు చెప్పినా, నడుస్తుందిగా మస్తానూ అంటారు మీ మావయ్యగారు. బ్యాటరీ ఉన్నంతసేపూ కొడుతూనే ఉంటదది."

ఒక 'ఉంటే' తగ్గింది. మిగిలిన అడ్డు జనరేటర్. అది నడుస్తుంటే నాకేమీ వినపడదు.

ఆ మాట చెప్పాను.

మస్తాన్ నా వైపు ఎగాదిగా చూశాడు. "బాబూ, మబ్బు పట్టి ఉంది, ఎండ లేదు. ఇప్పుడు ఆపితే సాయంత్రానికి చెరువంతా తెల్లగా తేలుద్ది. మళ్లీ స్టార్ట్ అవుద్దో లేదో నేనైతే చెప్పలేనండి. తేమ బాగా పట్టేసింది."

పోలయ్య ఊరుకోలేదు. "ఆ పెట్టెలో మీ మావయ్య మాట్లాడతాడా ఏంటి బాబూ? ఉన్న చేపల్నన్నా దక్కనివ్వు."

అత్త వెనక్కి తిరగలేదు. "ఆపెయ్ మస్తానూ," అంది. "అందులో ఉన్న డీజిలు తీసి పోలయ్య పడవలో పొయ్యి."

జనరేటర్ ఆగింది. ఏరేటర్ల చక్రాలు ఇంకో రెండు చుట్లు తిరిగి నిలబడ్డాయి. అంత నిశ్శబ్దం ఆ లంకలో నేనెప్పుడూ వినలేదు. నేను రికార్డింగు ఆన్ చేసి హెడ్‌ఫోన్ పెట్టుకున్నాను.

మొదట మెరుపుల చిటపటలే. ఆకాశం అంతా అవే. చట్రాన్ని కొంచెం కొంచెంగా తిప్పుతూ కూర్చున్నాను. సన్నగా చినుకు పడుతోంది. అత్త నా చేతిలోని చట్రాన్నే చూస్తోంది. ఏమీ లేదని తలెత్తి ఆవిడకు ఎలా చెప్పాలా అని నేను మాటలు వెతుక్కుంటున్నాను.

అంతలో చిటపటల అడుగున టిక్కు దొరికింది. మళ్లీ టిక్కు. మళ్లీ. సమంగా, గడియారంలా.

నేను అరిచానట. నాకు గుర్తు లేదు. నాకు గుర్తున్నది ఆ తర్వాతిది. ప్రతి టిక్కు వెనకా ఒక తోక ఉంది. పైనుంచి కిందికి జారే సన్నని ఈల. అది ఆరిపోయేలోపే ఇంకో టిక్కు, ఇంకో ఈల.

మేఘాలు కమ్మిన పట్టపగలు, కొల్లేటి మధ్యలో, ఒక కంచె మిషను కొట్టే టిక్కుకు ఈల తోక. అది అసాధ్యం. కష్టం అనడం లేదు, అసాధ్యం అంటున్నాను. ఆ టిక్కు ఆకాశం దాకా వెళ్లే బలం ఉన్నది కాదు. వెళ్లినా పట్టుకుని నడిపించే పోగు ఇక్కడ లేదు. ఉన్నా పగలు దిగిరాలేదు. హెడ్‌ఫోన్ తీసి చెవులు తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నాను. వైర్లు ఊపి చూశాను. బ్యాటరీలు మార్చాను. అది వస్తూనే ఉంది. హెడ్‌ఫోన్ మస్తాన్ చెవులకు పెట్టాను. "ఈల వేస్తున్నారెవరో," అన్నాడు వెంటనే. నేను ఆయనకు ముందుగా ఏమీ చెప్పలేదు.

చట్రం తిప్పాను. ఒకచోట టిక్కూ ఈలా రెండూ ఒక్కసారే మాయమయ్యాయి. శబ్దం పూర్తిగా పడిపోయినప్పుడు చట్రం ముఖం ఎటు ఉందో, ఆ గీత మీదే మూలం ఉంటుంది. గీత వాయవ్యం నుంచి ఆగ్నేయానికి ఉంది. గీతకు రెండు కొసలు. ఏ కొసో చట్రం చెప్పలేదు. నిజమైన ఈల తరంగం ఆకాశం నుంచి దిగుతుంది కాబట్టి దిక్కు ఇంత పదునుగా చూపించకూడదు కూడా. ఆ సంగతి అప్పుడు పక్కన పెట్టేశాను.

వాయవ్యంలో దూరపు చెరువు. అక్కడ పొద్దున్నే వెతికారు. మిగిలింది ఆగ్నేయం, కొల్లేటి నీళ్లు సముద్రానికి పోయే ఉప్పుటేరు వైపు.

పోలయ్య తల అడ్డంగా ఊపాడు. "తూర్పు గాలి కొడతంది. పడవ తిరగబడినా పడమటికే పోద్ది గానీ అటెందుకు పోద్ది? ఉన్న డీజిలు ఒక్క వైపుకే వస్తది. తప్పైతే మళ్లీ వెతకడానికి చుక్క ఉండదు. అమ్మా, నువ్వు చెప్పు. నీ మనిషి."

ఆ మాట ఆవిడ మీద వేసినందుకు నాకు పోలయ్య మీద కోపం వచ్చింది. కానీ నేనూ ఆవిడ వైపే చూశాను. అత్త నన్ను ఒకే ఒక్కటి అడిగింది. "నువ్వు విన్నది నిజమేనా వంశీ?"

"విన్నది నిజం అత్తా. అదేంటో తెలీదు."

"అటే పోండి."

నేనూ పోలయ్యా వెళ్లాం. మస్తాన్ ఆవిడకు తోడుగా గట్టు మీద ఉండిపోయాడు. గుర్రపుడెక్క దట్టంగా కొట్టుకొచ్చి పంకాకు చుట్టుకుంటోంది. కాస్త దూరం పోవడం, ఇంజను ఆపడం, చట్రం తిప్పడం, మళ్లీ పోవడం. గట్లు లేవు, రోడ్డు లేదు, కరెంటు స్తంభాల తలలు మాత్రం వరసగా ఉన్నాయి. ఇంజను ఆపినప్పుడల్లా పోలయ్య ట్యాంకులోకి పుల్ల పెట్టి చూసేవాడు. ఒకసారి హెడ్‌ఫోన్ అడిగి తీసుకుని విన్నాడు. తిరిగి ఇస్తూ, "రమ్మంటన్నట్టుంది," అన్నాడు. ఆ తర్వాత పుల్ల పెట్టడం మానేశాడు.

ఇక్కడ ఇంకొకటి రాయాలి. మూలం దగ్గరయ్యే కొద్దీ శబ్దం పెద్దది కావాలి. వెనక ఉంటే చిన్నది కావాలి. రెండూ జరగలేదు. టిక్కు మొదట్లో ఎంత ఉందో అంతే ఉంది. ఈల మాత్రం ప్రతి మజిలీలోనూ ఇంకొంచెం పొడవైంది. ఒకే తరంగం రెండు కొసల మధ్య తిరిగి తిరిగి సాగుతున్నప్పుడు జరిగేది అదే. పుస్తకంలో బొమ్మ వేసి చూపిస్తారు. చివరికి ఒక ఈల ఆరేలోపు తర్వాతి ఈల మొదలై, ఎడతెగకుండా జారుతున్న ఒకే స్వరంలా అయిపోయింది. చట్రాన్ని మోకాళ్ల మధ్య పెట్టుకున్నాను. మావయ్య బతికి ఉండాలని కోరుకోవడం అప్పటికి ఆపేశాను. కనిపిస్తే చాలు, అత్తకు చూపించగలిగితే చాలు అనుకుంటున్నాను.

వెలుగు తగ్గబోతుండగా పోలయ్య లేచి నిలబడ్డాడు. కిక్కిస రెల్లు దుబ్బులో గుర్రపుడెక్క మేట వేసి ఉంది. అందులో తిరగబడిన గెడ పడవ అడుగు. దాని పక్కన గళ్ల తువ్వాలు. తువ్వాలు ఒక కొస రెల్లు కట్టకు, రెండో కొస ఒక మణికట్టుకు కట్టి ఉంది.

ఆయన కళ్లు తెరిచే ఉన్నాయి.

ఇద్దరం కలిసి పడవలోకి లాగాం. ఒళ్లు మంచుముక్కలా ఉంది. మాట రాలేదు కానీ పెదాలు కదులుతున్నాయి. పోలయ్య తన చొక్కా విప్పి ఆయనకు చుడుతూ ఏడ్చాడు. నేను నా మెడలో వేలాడుతున్న హెడ్‌ఫోన్ ఎందుకో చెవికి పెట్టుకున్నాను. మెరుపుల చిటపటలే. టిక్కు లేదు. ఈల లేదు. చట్రం అన్ని వైపులా తిప్పాను. లేదు.

తిరిగొచ్చేసరికి ఇంటి చెరువులో చేపలు నీటిపైకి వచ్చి నోళ్లు తెరుస్తున్నాయి. మస్తాన్ అన్నట్టే జనరేటర్ మళ్లీ స్టార్ట్ కాలేదు. పోయడానికి డీజిలూ లేదు. తెల్లారేసరికి చెరువు మొత్తం తెల్లబడింది. అత్త అటు చూడనైనా చూడలేదు.

తర్వాత తెలిసినవి రాస్తాను.

వరద తీశాక దూరపు చెరువు పాకలో ఫెన్సింగ్ మిషను దొరికింది. మావయ్య దాన్ని పడవలో వేసుకోనే లేదు. తూము దగ్గర వల కడుతుండగానే గట్టు తెగి ఆయన కొట్టుకుపోయాడు. మిషను, బ్యాటరీ మొదటి సాయంత్రం నుంచే నీటి అడుగున ఉన్నాయి. మస్తాన్ నా ఎదురుగానే విప్పాడు. లోపలంతా బురద, సర్క్యూట్ బోర్డు కాలిపోయి ఉంది. "నీళ్లు తగలగానే పోయుంటదండి," అన్నాడు. ఒకవేళ అది ఎలాగో కొట్టుకుంటూనే ఉందని, నేను విన్నది వాయవ్యపు కొస నుంచేనని, ఆగ్నేయానికి పోవడం కేవలం అదృష్టమని అనుకుందాం. అలా అనుకోవడానికి నేను చాలా ప్రయత్నించాను. అప్పుడు కూడా ఈల మిగిలిపోతుంది.

రికార్డింగు మా ప్రొఫెసరుగారికి చూపించాను. ఎక్కడిదో చెప్పకుండా ఫైలు ఇచ్చాను. తెర మీద ఆ వంపులు చూసి సంతోషపడ్డారు. "చాలా శుభ్రంగా ఉన్నాయయ్యా. ఏదో ధ్రువాలకు దగ్గర ఉన్న స్టేషన్‌ది కదూ?" అన్నారు. కొల్లేటిలో తీశానని, పగలని చెప్పాను. పాత ఫైలేదో కలిసిపోయి ఉంటుంది, రిపోర్టులో పెట్టకు అన్నారు. ఆయన స్థానంలో నేనున్నా అదే అనేవాణ్ణి.

ఇదంతా రిసీవరులో లోపమని, నా కంగారని, ఏదో ఒక రోజు వివరణ దొరుకుతుందని సర్దుకునేవాణ్ణే. కానీ మావయ్య ఏలూరు ఆసుపత్రిలో కోలుకున్నాడు. గొంతు వచ్చాక ఆయన అడిగిన మొదటి ప్రశ్న ఇది:

"ఒరే అల్లుడూ, అంతసేపు ఆపకుండా ఈల వేసింది ఎవర్రా? పోలయ్యకి పళ్లే లేవు కదా!"

అత్త నవ్వింది. నేను నవ్వలేకపోయాను. ఏ ఈల మావయ్యా అని అడిగాను. పైనుంచి కిందికి జారే ఈల అట. ఒకటి ఆగేలోపు ఇంకొకటి. కళ్లు మూతపడుతున్నప్పుడల్లా అదే లేపేదట. మీరు నా కోసం వస్తున్నారని తెలిసిపోయింది, అందుకే తువ్వాలు విప్పుకోలేదురా అన్నాడు. విప్పుకోవడమేంటని నేను అడగలేదు. అత్త కూడా అడగలేదు.

ఎప్పుడు మొదలైందన్నాను. పడవ తిరగబడిన సాయంత్రమే, ఇంకా వెలుగుండగానే అన్నాడు. అప్పటికి నేను రిసీవరు పెట్టెలోంచి కూడా తీయలేదు. ఎటు నుంచి అన్నాను. "మీరు వచ్చిన వైపు నుంచే," అన్నాడు. మా ఇంజను చప్పుడు దగ్గరకొచ్చాక ఆగిపోయిందట.

రేడియో తరంగం చెవికి వినపడదు. దాన్ని శబ్దంగా మార్చే పెట్టె ఒకటి మధ్యలో ఉండాలి. ఆయన దగ్గర తువ్వాలు తప్ప ఏమీ లేదు. నేను అది ఆయన దగ్గర నుంచి వస్తోందనుకుని అటు వెళ్లాను. ఆయన అది మా దగ్గర నుంచి వస్తోందనుకుని ప్రాణం బిగబట్టుకున్నాడు. మా ఇద్దరిలో ఎవరూ పంపలేదు. ఇప్పటికీ వీలు దొరికినప్పుడల్లా ఆ ఫైలు తెరిచి చూస్తాను. నాకు తెలిసిన ఏ లెక్కతోనూ అది కుదరలేదు. కుదురుతుందన్న నమ్మకం కూడా పోయింది.

మావయ్య మాత్రం ఇప్పుడు ఎవరు కలిసినా నన్ను చూపించి, రాత్రంతా ఈల వేసి నన్ను బతికించింది వీడేనండీ అని చెబుతాడు. మొదట్లో కాదనేవాణ్ణి. చెప్పి చెప్పి మానేశాను. నాకు ఈల వేయడం రాదు.